గంటన్నరలో చిన్న వ్యాసం: ఆలస్యం ఎక్కడ జరుగుతుంది, ఎలా తగ్గుతుంది

విషయం బాగా తెలిసిందే, వ్యాసం చూస్తే నాలుగైదు వందల మాటలే. అయినా పొద్దున మొదలుపెట్టింది సాయంత్రానికి కూడా తెమలదు. ఇలాంటప్పుడు చాలామంది టైపింగు వేగాన్ని తప్పు పడతారు, లేదా రాసే మూడ్ రాలేదంటారు. ఒకసారి లెక్క వేసి చూడండి. నిమిషానికి 15 మాటలు టైపు చేసేవాళ్ళకి 450 మాటలకు పట్టేది 30 నిమిషాలు. అంటే మిగతా గంటలు వేళ్ళ దగ్గర పోవడం లేదు. ఏం రాయాలో తేల్చుకోవడం, సమాచారం వెతకడం, రాయడం, రాసింది దిద్దడం, ఈ నాలుగు పనులనూ కలిపి చెయ్యబోవడంలో పోతున్నాయి. వాక్యం సగంలో ఉండగా ఒక అంకె కోసం బ్రౌజరు తెరుస్తాం. అంకె దొరికేలోపు మరో మూడు పేజీలు తెరుచుకుంటాయి. తిరిగి వచ్చేసరికి వాక్యం ఎటు వెళ్ళాలనుకున్నామో గుర్తుండదు. దాంతో పైనుంచి మళ్ళీ చదువుతాం, చదువుతూ రెండు మాటలు మారుస్తాం. పావుగంటకి ముందుకు కదిలింది ఒక్క వాక్యం.

అందుకని ఈ నాలుగింటినీ విడగొట్టి, ఒకటి ముగిశాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. వేగంగా రాసేవాళ్ళందరి దగ్గరా ఉండే అసలు కిటుకు ఇదొక్కటే అని నా నమ్మకం. గంటన్నర ఉంటే నేను సూచించే పంపకం ఇది: తేల్చుకోవడానికి 15 నిమిషాలు, సామగ్రికి 20, చిత్తుకు 30, దిద్దడానికి 20, ప్రచురణ పనులకు 5. మొదట్లో ఇది గంటన్నర దాటుతుంది. దాటినా పర్లేదు, పనులు కలవకుండా చూసుకుంటే చాలు.

ముందు ఒక్క వాక్యం

చిత్తు మొదలుపెట్టే ముందు చేతిలో ఒక వాక్యం ఉండాలి. ఎవరు చదువుతారు, వాళ్ళకున్న చిక్కేమిటి, చదివాక వాళ్ళు ఏం చెయ్యగలగాలి అన్న మూడు సంగతులూ అందులో ఉండాలి. "ఫోన్ల భద్రత" అనేది విషయం పేరు మాత్రమే. దానిమీద పుస్తకం రాయొచ్చు, వ్యాసం మాత్రం మొదలవదు. "పాత ఫోను అమ్మేవాళ్ళు తమ ఫొటోలూ ఖాతాలూ అందులో మిగలకుండా, కొన్నవాళ్ళకు తాళం అడ్డుపడకుండా ఖాళీ చేసి ఇవ్వగలగాలి" అన్నామంటే వ్యాసం దొరికినట్టే. ఏది లోపలికి రావాలో, ఏది బయట ఉండాలో ఆ వాక్యమే చెబుతుంది. మెమరీ కార్డు తియ్యడం లోపలికి వస్తుంది. వైరస్‌ల సంగతి ఎంత ఆసక్తిగా ఉన్నా బయటే ఉంటుంది.

ఆ వాక్యం చివర పాఠకుడు చెయ్యాల్సిన పనులు రెండు కనిపిస్తే అవి రెండు వ్యాసాలు. పాత ఫోను అమ్మడం, కొత్త ఫోను ఎంచుకోవడం ఒకే వ్యాసంలో పెడితే రెండింటికీ న్యాయం జరగదు, సమయం రెట్టింపు పడుతుంది.

వాక్యం కుదిరాక దాని కింద పాఠకుడు అడిగే ప్రశ్నలను, అడిగే వరసలోనే రాసుకోవాలి. నాలుగుకి తగ్గకుండా, ఆరుకి మించకుండా ఉంటే మంచిది. మన ఉదాహరణకి ఇలా ఉంటాయి: ముందుగా ఏం దాచుకోవాలి? ఏ ఖాతాల నుంచి బయటికి రావాలి, అది ఫోనును మొత్తం తుడిచేసే రీసెట్‌కి ముందే ఎందుకు చెయ్యాలి? రీసెట్ ఎక్కడుంటుంది? సిమ్, మెమరీ కార్డుల మాటేమిటి? అంతా పోయిందని ఎలా తెలుస్తుంది? ఒక్కో ప్రశ్నకు 80 మాటలు వేసుకుంటే 400, ఎత్తుగడకి, అంటే మొదటి పేరాకి, ఓ 40. వ్యాసం పొడవు అప్పుడే తెలిసిపోయింది.

ఉపశీర్షికలు పెట్టుకోకుండా ప్రశ్నలే ఎందుకు రాసుకోవాలంటే, "బ్యాకప్" అన్న శీర్షిక కింద ఎంతైనా రాసుకుంటూ పోవచ్చు, దానికి హద్దు లేదు. ప్రశ్నకైతే ముగింపు ఉంది. జవాబు వచ్చిందంటే ఆ భాగం అయిపోయింది. వేగంగా రాయాలనుకునేవాళ్ళకు ఎక్కడ ఆపాలో తెలియడం, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడమంత అవసరం. ప్రచురించేటప్పుడు కావాలంటే ఆ ప్రశ్నలనే ఉపశీర్షికలుగా ఉంచేయొచ్చు.

అన్ని వ్యాసాలకూ ఒకే అస్థిపంజరం పనికిరాదు. ఏదైనా చెయ్యడం నేర్పే వ్యాసమైతే చివరికి వచ్చే ఫలితం, కావలసినవి, అంచెలు, ఎక్కడ బెడిసికొడుతుంది, పని అయిందని గుర్తు పట్టడం ఎలా అన్న వరస నడుస్తుంది. అభిప్రాయం చెప్పే వ్యాసమైతే నా మాట, దానికి అన్నిటికన్నా గట్టి కారణం, ఎదుటివాళ్ళ గట్టి అభ్యంతరం, దానికి నా జవాబు. రెండు వస్తువుల్ని పోల్చే వ్యాసంలో ఎవరికి ఏది నప్పుతుందో మొదటే చెప్పేసి, తేడాలు తర్వాత వివరించాలి. వార్తలాంటిదైతే పత్రికల్లో వాడే తలకిందుల పిరమిడ్డు ఉండనే ఉంది: అతి ముఖ్యమైనది పైన, తగ్గుతూ కిందికి. కింది నుంచి ఎంత కోసినా మిగిలింది నిలబడుతుంది. ఈ వరసలు నాలుగైదు ఒక ఫైల్లో దాచుకుంటే ప్రతిసారీ కొత్తగా ఆలోచించే పని తప్పుతుంది.

సామగ్రి: ప్రశ్నలకే, ఇరవై నిమిషాలే

వెతకడం సుఖంగా ఉంటుంది. రాయడాన్ని వాయిదా వేస్తూ కూడా పని చేస్తున్నట్టే అనిపిస్తుంది. అందుకే దీనికి గడియారం తప్పనిసరి. రాసుకున్న ప్రశ్నలకు మాత్రమే వెతకాలి, దొరికిన ముక్కను ఆ ప్రశ్న కిందే పెట్టాలి. అంకెలు, పేర్లు, మెనూలో ఎక్కడ నొక్కాలో, అంతే. పూర్తి వాక్యాలు అక్కర్లేదు. ఎక్కడ దొరికిందో ఆ లింకు పక్కనే ఉంచాలి, లేకపోతే దిద్దేటప్పుడు మళ్ళీ మొదటినుంచి వెతకాల్సి వస్తుంది.

ఇతరుల పేరాలు యథాతథంగా కాపీ చేసి పెట్టుకుని "తర్వాత మారుద్దాం" అనుకోవడం రెండు రకాలుగా చెడ్డది. మారుస్తామనుకున్నది మారకుండా మిగిలిపోయి చౌర్యం అవుతుంది. మార్చినా వాళ్ళ వాక్యాల వరస మన ఆలోచనను తనవైపు లాగుతుంది, దాన్ని విడదీసుకోవడానికి సొంతంగా రాయడం కన్నా ఎక్కువసేపు పడుతుంది. చదివి, పేజీ మూసేసి, గుర్తున్నది సొంత మాటల్లో రాసుకోవడం త్వరగా అవుతుంది.

మూలం దగ్గరికే ముందు వెళ్ళాలి. ఫోను సంగతి అయితే తయారీదారు సహాయ పేజీ, నియమాల సంగతి అయితే అసలు ఉత్తర్వు. వేరే బ్లాగుల్లో చదివింది నిజమే అయినా పాతబడి ఉండొచ్చు. మన ఉదాహరణలో రెండో ప్రశ్ననే చూడండి. ఆండ్రాయిడ్ ఫోనులో గూగుల్ ఖాతా తీసెయ్యకుండా తుడిస్తే, కొన్నవాళ్ళు ఆన్ చేసినప్పుడు పాత ఖాతా వివరాలు అడిగే అవకాశం ఉంది. ఐఫోనులో "ఫైండ్ మై" (పోయిన ఫోను వెతికిపెట్టే ఏర్పాటు) ఆపకపోతే యాక్టివేషన్ లాక్, అంటే పాత ఖాతా వేసిన తాళం, అలాగే మిగిలిపోతుంది. ఇది తయారీదారుల పేజీల్లోనే ఉంటుంది, రెండు నిమిషాల పని. రెండంచెల లాగిన్ కోడ్‌లు ఇచ్చే యాప్‌ని కొత్త ఫోనుకి ముందే మార్చుకోవాలన్న సంగతి కూడా ఇక్కడే తగులుతుంది. చాలా వ్యాసాల్లో ఉండనిది, పాఠకుడికి అన్నిటికన్నా అక్కరకొచ్చేది అదే. ఇలాంటి ముక్క ఒక్కటి దొరికినా వ్యాసానికి విలువ వస్తుంది.

ఇరవై నిమిషాలు అవగానే ఆపాలి. దొరకని చోట @@ అని గుర్తు పెట్టాలి. ఐదు ప్రశ్నల్లో మూడింటి కింద @@ మాత్రమే ఉంటే ఆ వ్యాసం ఈ రోజుది కాదు. విషయం ఇంకా మన చేతికి రాలేదని అర్థం. పక్కన పెట్టి వేరేది ఎత్తుకోవాలి. తెలియని విషయాన్ని త్వరగా రాసే పద్ధతి ఏదీ లేదు, ఉన్నా దాన్ని వాడకూడదు.

పక్కన పెట్టాలంటే ఎత్తుకోవడానికి వేరేది ఉండాలి కదా. అందుకోసం ఆలోచనల ఫైలు ఒకటి ఎప్పుడూ దగ్గరుండాలి. అందులో "పాస్‌వర్డులు" అని ఒక్క మాట రాసి ఉంచితే నెల తర్వాత దానికి అర్థం ఉండదు. "పాస్‌వర్డు మార్చుకోవడానికి వచ్చే లింకు కాసేపటికే ఎందుకు పనికిరాకుండా పోతుంది" అని పూర్తి వాక్యంగా రాస్తే వ్యాసం సగం సిద్ధం. విషయం ఎంచుకోవడం, రాయడం ఒకే రోజు పెట్టుకోకపోవడం ఇంకా మంచిది. నాలుగు వ్యాసాలకు వాక్యాలు, ప్రశ్నలు ఒకే విడతలో తేల్చేసుకుంటే తర్వాతి రోజుల్లో ఆ 15 నిమిషాలు కూడా మిగులుతాయి.

చిత్తు రాసేటప్పుడు

1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో మొదలుపెట్టిన, గడియారం పెట్టుకుని విడతలుగా పనిచేసే పొమొడోరో పద్ధతిలో ఒక విడత 25 నిమిషాలు. చిన్న వ్యాసం చిత్తుకి ఆ కొలత అతికినట్టు సరిపోతుంది. నిమిషానికి 16 మాటల చొప్పున 25 నిమిషాల్లో 400 మాటలు వస్తాయి. మిగిలిన ఐదు నిమిషాలు ఎత్తుగడ రాయడానికి ఉంచుకోవచ్చు.

నెట్ ఆపెయ్యాలి. ఫోను చేతికి అందనంత దూరంలో పెట్టాలి. అన్నిటికన్నా తేలికైన ప్రశ్నతో మొదలుపెట్టాలి, అది మూడోదైనా నాలుగోదైనా సరే. ఎత్తుగడ చివర్లో రాయాలి. వ్యాసంలో ఏముందో తెలియకుండా దానికి తలుపు కట్టబోవడం వల్లే చాలామంది మొదటి పేరా దగ్గర అరగంట కూర్చుంటారు.

చిత్తులో వెనక్కి వెళ్ళకూడదు. ఇప్పుడు టైపు చేస్తున్న మాటను దిద్దుకోవచ్చు గానీ పై వాక్యాన్ని ముట్టుకోకూడదు. మంచి మాట తట్టకపోతే వచ్చిన మాటే రాసి పక్కన @@ పెట్టాలి. అంకె గుర్తులేకపోతే "@@ ఏ వెర్షన్ నుంచి" అని రాసి ముందుకు పోవాలి. ఇంగ్లీషు పత్రికల్లో ఇలాంటి ఖాళీలకు టీ, కే అన్న రెండక్షరాలు వాడతారు. ఇంగ్లీషు మాటల్లో అవి పక్కపక్కన రావడం అరుదు కాబట్టి వెతికితే ఖాళీలు వెంటనే దొరుకుతాయి. తెలుగు చిత్తులో @@ ఆ పని ఇంకా శుభ్రంగా చేస్తుంది, ఈమెయిలు చిరునామాలోని ఒంటి గుర్తుతో కూడా కలవదు.

మధ్యలో ఆగిపోతే కారణాన్ని రెండుగా విడదీసి చూడాలి. రాయాలనుకున్న సంగతిని ఎదురుగా మనిషి ఉన్నట్టు పైకి చెప్పి చూడండి. నోటితో చెప్పగలిగితే ఆగింది మాటల దగ్గరే. చెప్పింది చెప్పినట్టు రాసేస్తే సరిపోతుంది. నోటితో కూడా చెప్పలేకపోతే ఆ సంగతి మనకే సరిగా తెలియదు. అక్కడ ఎంతసేపు కూర్చున్నా వాక్యం రాదు. @@ పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్ళాలి, లేదా ఆ ప్రశ్ననే తీసెయ్యాలి.

ఇంకో ప్రమాదం వాపు. ఒక ప్రశ్నకు జవాబు 150 మాటలు దాటిందంటే అందులో ఇంకో వ్యాసం తలెత్తుతోందని అనుమానించాలి. ఫోను రీసెట్ గురించి రాస్తూ, తుడిచేసిన ఫైళ్ళు తిరిగి రాబట్టవచ్చా అన్న చర్చలోకి జారిపోవడం ఇలాంటిదే. మంచి విషయమే, కానీ ఈ వ్యాసానిది కాదు. ఆ పేరా కోసి ఆలోచనల ఫైల్లో వేసెయ్యాలి. కొయ్యడానికి మనసొప్పక చాలామంది ఉంచేస్తారు. ఆ పేరాని నిలబెట్టడానికి దాని ముందొకటి, వెనకొకటి రాయాల్సి వస్తుంది. చిన్న వ్యాసాలు రాత్రి దాకా సాగేది ఈ తోవలోనే.

టైపింగు గురించి కొంచెం

వేళ్ళ వేగం అసలు సమస్య కాదన్నాను గానీ, తెలుగు టైపింగులో ఒక చిక్కు మాత్రం ఆలోచనను నిజంగా తెంపుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే సూచనల జాబితా చూపించే కీబోర్డుల్లో ప్రతి మాట దగ్గరా కన్ను జాబితా మీదికి వెళ్ళి సరైనదాన్ని ఎంచుకోవాలి. ఒక్కో మాటకు పట్టేది అరసెకనే అయినా, దృష్టి వాక్యం మీద నుంచి అక్షరాల మీదికి దిగిపోతుంది. లేఖిని లాంటి, ఇంగ్లీషు అక్షరాలను నియమం ప్రకారం తెలుగులోకి మార్చే పనిముట్లలో ఏది కొడితే ఏది వస్తుందో ముందే తెలుసు కాబట్టి ఎంచుకునే పని ఉండదు. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకున్న ప్రామాణిక కీబోర్డు అమరిక) అయితే ఇంకా స్థిరం: అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు, పొల్లు గుర్తు ఇంగ్లీషు డీ మీద ఉంటుంది. ఒత్తులన్నీ ఆ పొల్లుతోనే వస్తాయి. నేర్చుకోవాలనుకుంటే రోజూ పావుగంట విడిగా సాధన చెయ్యాలి. వ్యాసం రాస్తూ నేర్చుకుందామంటే రెండూ చెడతాయి.

గొంతుతో రాయడం చిత్తుకు బాగా పనికొస్తుంది. గూగుల్ డాక్స్‌లోనూ గూగుల్ ఫోను కీబోర్డు జీబోర్డులోనూ తెలుగు వాయిస్ టైపింగు ఉంది. మాట్లాడే వేగం టైపింగు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాకపోతే మిగిలిన సమయంలో కొంత దిద్దుబాటు తినేస్తుంది. విరామ చిహ్నాలు సరిగా పడవు, న-ణ, ల-ళ తారుమారవుతాయి, పేర్లూ సాంకేతిక పదాలూ వంకర పోతాయి. పైగా మాట్లాడేటప్పుడు వాక్యం ఎక్కడా ఆగకుండా సాగుతుంది. ఒక్కో ప్రశ్న చదువుకుని, దానికి రెండు నిమిషాల్లో జవాబు చెప్పి ఆపి, తర్వాతి ప్రశ్నకు వెళ్తే ఇది అదుపులో ఉంటుంది. మొత్తం వ్యాసాన్ని ఏకబిగిన చెప్పేస్తే దిద్దడానికి కొత్తగా రాసినంత సేపు పడుతుంది.

కృత్రిమ మేధ సాధనాలతో చిత్తు రాయించుకోవడం వేగమైన దారిలా కనిపిస్తుంది. అందులో ప్రతి అంకెనూ ప్రతి పేరునూ సరిచూడాలి, ఎందుకంటే లేని సంగతిని కూడా అవి అంతే ధీమాగా చెబుతాయి. సరిచూసి, మనం రాసే తీరులోకి మార్చేసరికి గంటన్నర అయిపోనే అవుతుంది. "ఈ విషయం మీద పాఠకుడు ఇంకేం అడుగుతాడు" అని ప్రశ్నల వరసను పరీక్షించుకోవడానికి మాత్రం బాగానే ఉపయోగపడతాయి.

దిద్దడం: మూడు విడతలు

చిత్తుకీ దిద్దడానికీ మధ్య కొంచెం ఎడం ఉండాలి. రాత్రి రాసి పొద్దున దిద్దితే మేలు. అంత వీల్లేకపోతే పది నిమిషాలు లేచి తిరిగి రావాలి, లేదా అక్షరాల సైజు మార్చి చూడాలి. కంటికి కొత్తగా కనబడితే చాలు.

మూడు విడతలూ విడివిడిగా చెయ్యాలి. అక్షర దోషాల కోసం చూసే కన్ను పేరాల వరసను చూడదు. వరస చూసేటప్పుడు అక్షరాలు దిద్దితే, తర్వాత కోసేసే పేరాని కూడా శ్రద్ధగా దిద్ది సమయం పారేసుకుంటాం.

మొదటి విడతలో పేరాలు మాత్రమే చూడాలి. ఏది ముందు, ఏది వెనక, ఏది అక్కర్లేదు. "నేటి ఆధునిక యుగంలో ఫోన్ల వాడకం విపరీతంగా పెరిగింది" తరహా మొదటి పేరా ఉంటే తీసేసి చూడండి. దాదాపు ఎప్పుడూ రెండో పేరా నుంచే వ్యాసం మొదలవుతుంది. చివరి పేరా పైన చెప్పిందే మళ్ళీ చెబుతుంటే అదీ తీసెయ్యొచ్చు.

రెండో విడత నిజాలది. @@ కోసం వెతికి ఒక్కొక్కటీ పూరించాలి. ఇప్పుడు నెట్ ఆన్ చెయ్యొచ్చు. ఐదు నిమిషాల్లో దొరకని అంకె ఉంటే, అంకె అక్కర్లేకుండా వాక్యం మార్చాలి, లేదా వాక్యమే తీసెయ్యాలి. అందాజుగా ఒక అంకె వేసెయ్యడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. పాఠకుడు దాన్ని నమ్మి ఇంకొకరికి చెబుతాడు. అంచెలు చెప్పే వ్యాసమైతే ఆ అంచెలను రాసినట్టే ఒకసారి స్వయంగా చేసి చూడాలి. మనకు అలవాటైపోయి చెప్పడం మరిచిన నొక్కు ఒకటైనా అప్పుడే బయటపడుతుంది.

మూడో విడత వాక్యాలది, పైకి చదువుతూ చెయ్యాలి. ఊపిరి అందని చోట వాక్యం పొడుగైందని తెలుస్తుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి ఈ పొడుగు పాఠకుణ్ణి మరీ ఇబ్బంది పెడుతుంది. "సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, ఖాతాల పేజీ తెరిచి, పాత ఖాతా మీద నొక్కి, తొలగించు అన్నది ఎంచుకుని, పాస్‌వర్డు ఇచ్చి, బయటికి వచ్చి, ఫోను ఆపండి" అంటే ఫోను చేతిలో పట్టుకున్న మనిషి మూడో పనికే దారి తప్పుతాడు. ఒక వాక్యంలో మూడు పనులకు మించకూడదు. నాలుగోది వస్తే ముందు క్రియ పెట్టి వాక్యం ముగించాలి.

ఇక మాటల కొవ్వు. దీన్ని కంటితో పట్టుకోవడం కన్నా వెతుకు పెట్టెలో కొట్టి పట్టుకోవడం వేగం. ఈ మాటలు ఒక్కొక్కటే వెతకండి: జరిగింది, బడింది, బడుతుంది, యొక్క, అనేది, కలిగి ఉంది, చెప్పవచ్చు, చాలా. "పరిశీలించడం జరిగింది" ఉన్నచోట "పరిశీలించారు" సరిపోతుంది. "ఈ ఫోను 8 జీబీ మెమరీని కలిగి ఉంది" అన్నది "ఈ ఫోనులో 8 జీబీ మెమరీ ఉంది" అయితే తెలుగు వాక్యం అవుతుంది. "ఫోన్‌ను అమ్మడానికి ముందు దానిలో ఉన్న డేటా యొక్క బ్యాకప్ తీసుకోవడం అనేది చాలా ముఖ్యమైన విషయంగా చెప్పవచ్చు" అన్నదాంట్లో 14 మాటలున్నాయి. "ఫోను అమ్మే ముందు బ్యాకప్ తీసుకోండి" అంటే 5 మాటలు, విషయం ఏమీ పోలేదు. అన్నిచోట్లా గుడ్డిగా తీసెయ్యమని కాదు. "అనేది" అవసరమైన వాక్యాలూ ఉంటాయి. ప్రతి చోటా ఒక్క క్షణం ఆగి, తీసేస్తే వాక్యం నిలబడుతుందా అని చూడాలి.

పాఠకుణ్ణి పిలిచే తీరు కూడా ఇక్కడే చూసుకోవాలి. ఒక పేరాలో "చేద్దాం", ఇంకో పేరాలో "చేయండి", మరో చోట "చేయవలెను" అని ఉంటే ముగ్గురు మనుషులు రాసినట్టుంటుంది.

ఇలాంటి నిర్ణయాలు ప్రతి వ్యాసానికీ కొత్తగా తీసుకోవడం శుద్ధ దండగ. ఒక పేజీలో మీ అలవాట్లు రాసిపెట్టుకోండి: "ఫోన్" రాస్తారా "ఫోను" రాస్తారా, "వెళ్ళి" రాస్తారా "వెళ్లి" రాస్తారా, పదిని అంకెలో వేస్తారా అక్షరాల్లోనా, వెబ్‌సైట్‌లో పొల్లు విడిగా నిలబెడతారా కలిపేస్తారా. ఈ చివరిదానికి సాంకేతిక కారణం ఒకటుంది. "బ్"నీ "సై"నీ కలవకుండా ఉంచేది కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు. అది ఉన్న మాట, లేని మాట మనిషికి ఒకటే అయినా చాలా ప్రోగ్రాముల్లో వెతుకు పెట్టెకి వేర్వేరు. ఒకేలా రాయకపోతే వెతికి మార్చేటప్పుడు సగం తప్పించుకుంటాయి.

శీర్షిక, లింకు

శీర్షిక చివర్లో, వ్యాసం తయారయ్యాక పెట్టాలి. మొదట రాసుకున్న వాక్యమే దానికి ముడిసరుకు. పాఠకుడు వెతికేటప్పుడు ఏ మాటలు కొడతాడో అవి ముందు రావాలి: "పాత ఫోను అమ్మే ముందు ఖాతాలు ఎలా తీసెయ్యాలి". వెతుకు ఫలితాల్లో శీర్షికకు దొరికే చోటు వెడల్పును బట్టి ఉంటుంది, తెలుగు అక్షరాలేమో ఎక్కువ వెడల్పు తీసుకుంటాయి. ఆసక్తి రేపే మాట చివర దాచిపెడితే అది తెగిపోయే అవకాశం ఎక్కువ.

లింకు సంగతి చాలామంది పట్టించుకోరు, తర్వాత బాధపడతారు. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. లింకులో అది శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలుగా మారుతుంది. గుణింతాలకూ పొల్లుకూ విడి సంకేతాలే కాబట్టి చిన్న శీర్షిక కూడా లింకుగా మారినప్పుడు చాంతాడంత అవుతుంది. బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్‌లో లింకు చివర వచ్చే ఆ పేరుకు 200 అక్షరాల హద్దు ఉంది, అంటే 22 సంకేతాల దగ్గరే తెగిపోతుంది. బ్లాగర్‌లో తెలుగు శీర్షిక పెడితే లింకులో దాని జాడే ఉండదు, "బ్లాగ్ పోస్ట్" అన్న ఇంగ్లీషు మాటలూ, ఎక్కువసార్లు ఒక సంఖ్యా మాత్రం వస్తాయి. రెండింటిలోనూ లింకు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు మాటలుగా మనమే ఇవ్వొచ్చు. ప్రచురించే ముందే ఇవ్వాలి. బ్లాగర్‌లో ప్రచురించాక నేరుగా మార్చడం కుదరదు, వర్డ్‌ప్రెస్‌లో మారిస్తే అప్పటికే పంచుకున్నవాళ్ళ దగ్గర పాత లింకు మిగిలిపోతుంది.

తొందర పడకూడని చోట్లు

ఈ గంటన్నర పద్ధతి అన్నిటికీ కాదు. ఆరోగ్యం, చట్టం, డబ్బు మీద సలహా ఇచ్చే వ్యాసాలు, ఒక మనిషి మీద ఆరోపణ ఉన్న వ్యాసాలు తెలిసినవాళ్ళ చేత చదివించకుండా బయటికి పంపకూడదు, వాటికి ఎన్ని రోజులైనా పట్టనివ్వాలి. చరిత్ర సంగతులు కూడా ఇలాంటివే. ఒక్క సంవత్సరం సరిచూడటానికే ఒక పూట పోతుంది, పోనివ్వాలి. వేగంగా తెమిలేవి మనం రోజూ చేసే పనులు నేర్పే వ్యాసాలు, పదేపదే ఎదురయ్యే ప్రశ్నకు జవాబులు, బాగా వాడిన రెండు వస్తువుల పోలిక, ఒక అపోహను సరిదిద్దడం. తొందరలో ఉన్నప్పుడు వీటిలోంచే ఎంచుకోవాలి.

ప్రచురించాక వ్యాసాన్ని ఒక్కసారి ఫోనులో తెరిచి చూడండి. ఎక్కువమంది చదివేది అక్కడే. కంప్యూటరులో నాలుగు వరసలున్న పేరా ఫోనులో తెర నిండా పరుచుకుంటుంది, దాన్ని రెండుగా విరగ్గొట్టాలి. లింకులన్నీ నొక్కి చూడాలి. @@ ఎక్కడైనా మిగిలిపోయిందేమో మరోసారి వెతకాలి. తర్వాత ఎవరైనా తప్పు చూపిస్తే చడీచప్పుడు లేకుండా మార్చెయ్యకుండా, ఏ తేదీన ఏం సరిదిద్దారో వ్యాసం కింద ఒక వరస రాయాలి. అది అయ్యాక, చిత్తులోంచి కోసి ఆలోచనల ఫైల్లో వేసిన పేరా తెరిచి, దాని మీద వాక్యం ఒకటి, ప్రశ్నలు ఐదు రాసి ఉంచితే రేపటి వ్యాసానికి మొదటి 15 నిమిషాల పని ఇవాళే అయిపోతుంది.